ఒకే కుప్ప

గింజలు వేయించడం నాకు చేతకాదని మా అత్తయ్య తేల్చేసి అప్పటికి చాలా ఏళ్లయింది. కాఫీ తోటలున్న ఇంటికి కోడలిగా వచ్చి, మూకుడులో గుప్పెడు గింజలు సమంగా వేయించలేకపోతే అంతకన్నా సిగ్గుచేటు ఇంకేముంటుంది? ఎంత కలబెట్టినా, మంట ఎంత తగ్గించినా సగం గింజలు నల్లగా మాడిపోయేవి. మిగతా సగం ఇంకా లేత రంగులోనే ఉండి, కొరికితే పంటికింద రాయిలా తగిలేవి. ఆ పొడితో కాచిన కాఫీ ఓ గుక్క చేదు, ఓ గుక్క పచ్చివాసన. "నీ చేతికి మంట తెలియదే" అనేది అత్తయ్య. అనేసి, తాగేది. తాగాక మళ్లీ అనేది.

మా తోటికోడలు వేయించినా అంతే. బావగారి భార్య ఆమె, నేను అక్కా అని పిలుస్తాను. కాని పెద్దకోడలు మాడిస్తే తప్పు మూకుడుది, చిన్నకోడలు మాడిస్తే తప్పు చేతిది. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెబుతారు గాని, మా అక్క నవ్వేది కూడా కాదు. పాపం, నా వంక జాలిగా చూసేది. అది ఇంకా కష్టంగా ఉండేది.

మాకు రెండు తోటలు. ఇంటి వెనక నుంచి వాగు దాకా ఉన్నది కింది తోట, అది బావగారిది. కొండ మీద, మబ్బు వచ్చి చెట్ల మీద కూర్చునే చోట ఉన్నది పై తోట, అది మా ఆయనది. కింద విరగకాసేది. గింజ లావు, కోత సులువు. పైన చెట్టుకి నాలుగు గుత్తులు, గింజ చిన్నది, పైగా ఎప్పటికీ పండదు. కింద కోతంతా అయిపోయి కూలీలు మూటలు కట్టుకునే వేళకి పైన సగం పండ్లు ఇంకా పచ్చగానే నిక్కి చూస్తుండేవి. ఆ మనుషులు వెళ్లిపోతే మళ్లీ దొరకరు. అందుకని చివర్లో అందరినీ కొండెక్కించి, పచ్చీ పండూ చూడకుండా కొమ్మలు దూయించేసేవాళ్లు. దూసినదంతా దింపుకొచ్చి, పైతోలు తీయించి, కడిగి, కింది పంటలో కలిపి కళ్లం మీద పోసేవాళ్లు.

కలిపి ఎందుకంటే మా ఇంట్లో కుప్ప ఒకటే. అది అత్తయ్య పెట్టిన కట్టుబాటు. మామయ్య పోయాక ఇద్దరు కొడుకులకీ చెరో తోట అప్పజెప్పింది గాని, పంట మాత్రం ఒకే కుప్పగా పడాలంది. కళ్లం మీద రెండు కుప్పలు లేచాయంటే ఇంట్లో రెండు పొయ్యిలు లేచినట్టేనని ఆమె మాట. మా చుట్టుపక్కల వేరుపడిన ఇళ్లన్నీ అలాగే వేరుపడ్డాయి కాబట్టి ఎవరూ కాదనలేదు.

ఆ ఏడు కోతలు మొదలవకముందే బావగారు భోజనాల దగ్గర మాట తెచ్చారు. ఈ పంటతో పై తోటకి దండం పెట్టేద్దామన్నారు. ఎక్కడానికి ఓపిక, దించడానికి ఓపిక, తీరా చూస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు ఆ బఠాణీల్లాంటి గింజలు. కోత అవగానే చెట్లు కొట్టేసి, తమ్ముణ్ణి కిందికి దింపుకుంటే ఇద్దరూ కలిసి ఒక్క తోటనే బంగారంలా చేసుకోవచ్చట. ఆయన మనసులో కల్మషం లేదు. తమ్ముడి మోకాళ్లు అరిగిపోతున్నాయని నిజంగానే బాధ ఆయనకి. అత్తయ్య ఏటా అనే మాటే అంది, ఈ కోత కానీ చూద్దాం అని. కాని ఈసారి బావగారు గొడ్డళ్లకి పదును పెట్టించి తెచ్చారు. చెట్లు కొట్టే మనుషులకి మాట కూడా ఇచ్చారు.

మా ఆయన ఏమన్నాడని అడగకండి. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆ కొండ ఎక్కి దిగిన మనిషి, ప్రతి చెట్టునీ పేరు పెట్టి పిలవగలిగిన మనిషి, కంచంలో వేలితో గీతలు గీస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అప్పటికి నాకో సంగతి తెలుసు.

కిందటి కోత తర్వాత నేనొకసారి పైకి వెళ్లాను. దూసిన కొమ్మల్లో అక్కడక్కడ మిగిలిపోయిన పండ్లు, ఎవరూ తొందరపెట్టక తమ మానాన తాము పండి, ముదురు ఎరుపు తిరిగి ఉన్నాయి. ఊరికే పోనివ్వడమెందుకని ఒడిలో వేసుకొచ్చాను. కిటికీ గట్టు మీద పళ్లెంలో ఎండబెట్టి, ఎప్పుడో గుర్తొచ్చి వేయించాను. అవి సమంగా వేగాయి. మూకుడూ అదే, పొయ్యీ అదే, చెయ్యీ అదే. మంట కాస్త ఎక్కువ అడిగాయి, కాస్త ఎక్కువసేపు పట్టింది, అంతే. చివరికి అన్నీ ఒకే రంగు. ఒక్కటి మాడలేదు, ఒక్కటి పచ్చిగా లేదు. నేను మూకుడు పట్టుకుని వంటింట్లో వెర్రిదానిలా నిలబడిపోయాను.

కాచి తాగితే నాలుక అంచున పండు పులుపు తగిలింది. మింగాక చాలాసేపు తీపి మిగిలింది. చక్కెర వేయలేదు. మా ఆయనకిస్తే గ్లాసు ఖాళీ చేసి, "బాగుంది" అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ ఒక్క మాట రావడమంటే ఇంకొకరు ఉపన్యాసం ఇచ్చినట్టు.

ఆ తర్వాత ఇంటి కుప్పలోంచి గుప్పెడు తీసి వేయించాను. మళ్లీ సగం మాడు, సగం పచ్చి. అప్పుడు అర్థమైంది. గట్టి గింజనీ మెత్తటి గింజనీ ఒకే మూకుడులో పోస్తే ఏ చెయ్యి మాత్రం ఏం చేస్తుంది? ఇన్నేళ్లు నా చేతికి పడ్డ తిట్లన్నీ ఆ కుప్పకి పడాల్సినవి.

మా సరుకు కొనే కంపెనీ తరఫున రుచి చూసే మనిషి ఒకాయన ఉండేవాడు. చెంచాతో కాఫీ తీసుకుని వీధిలోకి వినబడేలా జుర్రేవాడు కాబట్టి అందరికీ ఆయన జుర్రుళ్ల మాస్టారు. ఆ ఏడు కాపు చూసి పోదామని కోతలకి ముందే వస్తే, గుమ్మం దగ్గరే పట్టుకుని ఈ సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. కింద వేడికి పండు పరుగెత్తి పండుతుంది, గింజ ఉబ్బుతుంది గాని లోపల గుల్ల అన్నాడు. పైన రాత్రుళ్లు చలి కాబట్టి పండు నింపాదిగా వారాల తరబడి పండుతుంది, గింజ చిన్నదైనా గట్టిపడుతుంది, పులుపూ తీపీ లోపల నిలవ ఉంటాయి అన్నాడు. పిట్ట కొంచెం, కూత ఘనం అన్నమాట. నేను సంబరపడిపోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"ఎత్తు ఒక్కటే చాలదమ్మా. పచ్చిది దూసుకొస్తే ఏ కొండ మీదిదైనా గడ్డి రుచే. పండినవే కోసి, విడిగా ఆరబెట్టి ఉంచండి. నేను మాట నమ్మను, చెంచాని నమ్ముతాను."

బావగారు పక్కనే ఉన్నారు. న్యాయమైన మనిషి, అప్పటికప్పుడు ఒప్పుకున్నారు. మాస్టారు చెంచా బాగుందంటే గొడ్డలి ఎత్తను, లేదంటే ఎవరూ మాట్లాడకూడదు అన్నారు. విడిగా ఆరబెట్టడం అనేసరికి అత్తయ్య మొహం మాడిపోయింది. ఒక్క ఏడాదికే కదమ్మా అన్నారు బావగారు. ఆమె లేచి లోపలికి పోయింది.

ఇక చూడండి నా అవస్థ. పండు పండాలంటే ఆగాలి. మా ఇంట్లో ఆగడం ఎవరికీ రాదు. కింద కోతలు జోరుగా సాగుతున్నాయి. మేస్త్రి రోజూ పొద్దున్నే వచ్చి, పైకి ఎప్పుడెక్కమంటారమ్మా అని అడిగేవాడు. ఇంకా కాదు అంటే, మనుషులు నిలవరమ్మా అనేవాడు. బావగారైతే అన్నం కలుపుకుంటూ "ఆలస్యం అమృతం విషం" అని గోడకి చెప్పినట్టు చెప్పేవారు. నేను ఊరుకోవచ్చుగా? కాఫీకి మాత్రం ఆలస్యమే అమృతం బావగారూ అన్నాను ఓరోజు. మా ఆయన నా వంక అలా చూస్తాడేంటి, ఇంటికి నిప్పు పెట్టినట్టు.

కూలీలు వెళ్లిపోయారు. మేస్త్రి చివరిసారి కొండ వైపు చూసి, మీ ఇష్టం అన్నట్టు చేతులు తిప్పి వెళ్లిపోయాడు. మిగిలింది నేనూ మా ఆయనా. నడుముకి గుడ్డ బిగించుకుని పొద్దున్నే బయల్దేరుతుంటే వెనకాల ఎవరో ఆయాసపడుతున్న చప్పుడు. అక్క. ఎప్పుడూ కొండెక్కని మనిషి, బుట్ట చంకన పెట్టుకుని వస్తోంది. "ఆ కాఫీ ముందు నాకే పోయాలి, చెప్తున్నా" అంది.

పైన చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. మబ్బు దిగితే పక్క చెట్టు కూడా కనబడేది కాదు, అక్క గొంతే వినబడేది. ఆమె నోరు ఊరుకునేది కాదు. ఒక గుత్తిలో పండు, పచ్చి, అరపచ్చి అన్నీ ఉంటే, ఇదేదో మన ఇంటిలాగే ఉందే అనేది. పండినదాన్నే తిప్పి తెంపాలి, మిగతావి వదిలేసి కొన్నాళ్లాగి మళ్లీ అదే చెట్టు దగ్గరికి రావాలి. అలా ఎన్ని విడతలు ఎక్కామో లెక్కపెట్టుకోలేదు. మా ఆయన మోకాలికి గుడ్డ కట్టుకుని ఎక్కేవాడు, దిగేటప్పుడు నా భుజం పట్టుకునేవాడు. పెళ్లయ్యాక ఆయన నా భుజం మీద అంతసేపు చెయ్యి వేసింది ఆ కోతలోనే.

ఓ పూట రాతి మీద కూర్చుని తెచ్చుకున్న రొట్టె తింటుంటే అక్క నవ్వుతూనే అడిగింది.

"మీది అంత బాగుంటే మరి మాది ఏమవుతుందే?"

"మీదేంటి, మాదేంటి అక్కా" అన్నాను. ఆమె బుట్ట సర్దుకుంది. నేను ఇంకో ముక్క రొట్టె తుంచుకున్నాను.

దించిన పండ్లని తోలు తీసి, కడిగి, కళ్లం మీద ఓ మూల పోశాను. కింది గింజలతో కలవకుండా మధ్యన ఇటుకలు వరసగా పేర్చాను. రోజంతా కాపలా కాసి తిరగేసేదాన్ని. పక్కింటావిడ దారిన పోతూ ఆగి, ఏంటమ్మా వేరుపడ్డారా అని గోడ మీంచి అడిగింది. ఊసుపోని మాట. నేను నవ్వి ఊరుకున్నాను. అత్తయ్య ఆ పూట అన్నం తినలేదు. ఏమైందంటే అజీర్తి అంది.

గింజ ఎండిపోయింది. కొరికి చూస్తే టక్కున విరుగుతోంది. రెండు రోజుల్లో జుర్రుళ్ల మాస్టారు వస్తాడని కబురొచ్చింది. పోనీలే ఇక భయం లేదనుకుని, నేనూ మా ఆయనా చెట్ల కింద గడ్డి కోసొద్దామని పైకి వెళ్లాం. మధ్యాహ్నం దాటాక ఉన్నట్టుండి కాలం కాని కాలంలో వాన పట్టుకుంది. చినుకులు కాదు, కుండపోత. నేను కొడవలి అక్కడే పారేసి పరుగెత్తాను. జారాను, లేచాను, మళ్లీ జారాను. వెనక నుంచి మా ఆయన నిదానం నిదానం అని అరుస్తున్నాడు. జీవితంలో ఆయన అన్ని మాటలు ఎప్పుడూ అరవలేదు.

కళ్లం ఖాళీగా ఉంది, నీళ్లు పారుతున్నాయి. గోదాములోకి వెళ్లాను. బావగారు తల నుంచి కాళ్ల దాకా తడిసి, పార మీద ఆనుకుని రొప్పుతున్నారు. అక్క తల తుడుచుకుంటోంది. అత్తయ్య కూడా తడిసింది, అంత వయసులో. మధ్యన టార్పాలిన్ కింద గింజలు, నడుమెత్తున.

"ఒక్క గింజ తడవలేదమ్మా" అన్నారు బావగారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

నేను టార్పాలిన్ ఎత్తి చూశాను. గోదాము నాలుగు మూలలూ చూశాను. కుప్ప ఒకటే ఉంది.

నావి ఏవి అని అడిగాను. బావగారి మొహంలో వెలుగు ఆరిపోయింది. నిజంగానే గుర్తురాలేదు ఆయనకి. బయట బుట్టల్లోకి ఎత్తి ఇచ్చింది అమ్మ, లోపల పోసింది నేను అంటూ తల్లి వంక చూశారు. అత్తయ్య బట్ట పిండుకుంటూ, వాన ముంచుకొస్తుంటే ఏది ఎవరిదని చూస్తామా అంది. ఏమనగలను? ముగ్గురూ ప్రాణాలు పెట్టి పంట కాపాడారు. చేతులెత్తి దండం పెట్టాలి, నోరెత్తి తిట్టకూడదు. మింగలేక, కక్కలేక బయటికొచ్చి వాన నీళ్లు నిండిన బకెట్టుని ఒక్క తన్ను తన్నాను. అది దొర్లుకుంటూ పోయి కళ్లం మధ్యన ఇటుకల దగ్గర ఆగింది. ఇటుకలు మాత్రం వరస చెదరలేదు.

కాని నేనంత తేలిగ్గా వదిలేదాన్ని కాదు. పొట్టు తీస్తే గింజ దాని కథ అదే చెబుతుంది. పైది చిన్నగా, నీలి పచ్చగా, మధ్య గీత బిగుసుకుపోయి ఉంటుంది. కిందిది లావుగా, పాలిపోయి, గీత తెరుచుకుని ఉంటుంది. రోట్లో మెల్లగా దంచి, చెరిగి, చేటలో పోసుకుని ఏరడం మొదలుపెట్టాను. కుప్పంతా ఏరడానికి ఓ జన్మ చాలదు. మాస్టారి చెంచాకి సరిపడా ఏరితే చాలు.

కాసేపటికి మా ఆయనా, అక్కా వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఇంకాసేపటికి బావగారు వచ్చి ఓ గుప్పెడు తీసుకున్నారు. తన వల్లే కలిసిపోయాయనే బాధ ఆయనకి. తీరా చూస్తే లావుపాటి గింజలన్నీ ఏరి నా వైపు పెడుతున్నారు. ఇవేంటి బావగారూ అంటే, బాగున్నవి మీవే కదమ్మా, అందుకని అన్నారు. అక్క పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వాన పూట మేం నలుగురం ఒక చేట చుట్టూ కూర్చుని నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అత్తయ్య రాలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్న కాఫీ ఇవ్వడానికి వెళ్తే లేచి కూర్చుని ఉంది. గ్లాసు తీసుకోలేదు. తలుపు దగ్గరికి వెయ్యమంది. వేశాను.

"వాన రాకపోయినా కలిపేదాన్నే" అంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు పైది విడిగా వేయించుకుని తాగిందట. ఆ రుచి ఇంకా గుర్తుందట. అందుకే కలిపిస్తోందట. కిందిది ఒట్టిగా అమ్మితే ఎవరూ రెండోసారి అడగరు, పైది కలిసింది కాబట్టే ఇన్నేళ్లు మన సరుకు చెల్లుతోంది అంది. "ఆ సంగతి పెద్దాడికి తెలియదు. తన తోటే ఇంటిని మోస్తోందని వాడి ధీమా. తెలిస్తే వాడు మీ పంక్తిలో కూర్చోడే."

కోపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, నోటికి ముందొచ్చినదే అడిగేశాను.

"అంతా తెలిసే నన్ను ఇన్నేళ్లు తిట్టారా? నీ చేతికి మంట తెలియదని?"

"తిట్టకపోతే ఎప్పుడో కనిపెట్టేసేదానివి" అంది అత్తయ్య.

కూర్చుని నవ్వాలో, గ్లాసు నేలకేసి కొట్టాలో తెలియలేదు. ఆ చెంచా ముందు ఆ గింజలు పెట్టకు అంది. మరి చెట్లు కొట్టేస్తారు కదా అన్నాను. వాడు ఏటా అంటాడు, నేను ఏటా ఆపుతాను అంది. ఈసారి గొడ్డళ్లకి పదును పెట్టించారు అత్తయ్యా, మనుషులకి మాట ఇచ్చేశారు అన్నాను. ఆమె మళ్లీ గోడ వైపు తిరిగింది. నేను తలుపు తీసి బయటికొచ్చాను. నా మొగుడు ఆ కొండ నుంచి దిగొచ్చి ఇంకొకరి తోటలో ఎరువు మోయడం నేను చూడలేను. అందుకు నన్నేమన్నా అనండి.

మాస్టారు వచ్చాడు. మూడు గ్లాసులు పెట్టాను. ఒకటి కిందిది, ఒకటి పైది, ఒకటి కుప్పది. ఏది ఏదో చెప్పలేదు. ఆయన వంగి వాసన చూశాడు, చెంచాతో తీసి జుర్రాడు. మొదటి గ్లాసు దగ్గర తల ఊపాడు. రెండో గ్లాసు దగ్గర ఆగిపోయాడు. మళ్లీ తీసుకున్నాడు, ఈసారి జుర్రకుండా మనుషులు తాగినట్టు తాగాడు.

"ఇది ఎంతుంది?" అన్నాడు.

నేను గోదాము వైపు చూపించాను. అందులో ఉందన్నాను. ఆయన వెళ్లి కుప్పని చూసొచ్చి, చెంచా తుడుచుకున్నాడు. ఏటా మీ సరుకులో ఏదో ఒక మంచి రుచి తగిలి తప్పుకునేది, ఎక్కడిదో దొరికేది కాదు, ఇదన్నమాట అన్నాడు. వచ్చే కోతకి ఇది ఒక్కటీ విడిగా ఇస్తే ఎంతున్నా తీసుకుంటామన్నాడు. బావగారు మెల్లగా, మరి కిందిది అని అడిగారు. దానికీ కొనేవాళ్లు ఉంటారులెండి అన్నాడు మాస్టారు. పెద్దమనిషి, మొహం మీద చెప్పలేక గ్లాసు వైపు చూస్తూ చెప్పాడు.

బావగారు చెంచా అడిగి తీసుకున్నారు. మొదటి గ్లాసు రుచి చూశారు. రెండోది చూశారు. మూడోది చూశారు. మళ్లీ మొదటిదాని దగ్గరికి వెళ్లి, ఎంతోసేపు నోట్లోనే ఉంచుకున్నారు. అప్పుడు చెంచా కింద పెట్టి తమ్ముడి వైపు తిరిగారు.

"గొడ్డళ్లు లోపల పెట్టేయరా" అన్నారు.

నేను గెలిచాను. మా ఆయన తల వంచుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. తిరిగి చూస్తే అక్క నా వంక చూస్తోంది. ఈసారి ఆ చూపులో జాలి లేదు.

ఆ వారంలోనే ఒక పొద్దున్న చప్పుడుకి లేచి వెనక వసారాలోకి వెళ్లాను. బావగారు మట్టి కలుపుతున్నారు. కళ్లం మీద నేను వరసగా పేర్చిన ఇటుకలన్నీ తెచ్చుకుని, పొయ్యి కడుతున్నారు. నేను అక్కడే చతికిలబడ్డాను. కుప్ప విడిగా కావాలన్నాను గాని పొయ్యి కాదు బావగారూ అన్నాను. ఆయన ఇటుక మీద ఇటుక పెట్టి, చేత్తో మట్టి సర్దారు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

"ఇన్నేళ్లూ మీ కష్టం మీద కూర్చుని, దాన్నే దండగ అన్నానమ్మా. నా తోటకి ఎంత వస్తే అంతే తింటాను. రెండు కుప్పలంటే రెండు పొయ్యిలేనని అమ్మ ఎప్పుడో చెప్పింది కదా."

బతిమాలాను. మా ఆయన చేత కూడా చెప్పించాను. ఈసారి ఆయన నోరు విప్పాడు, అన్నయ్య చేతిలోంచి ఇటుక లాక్కున్నాడు కూడా. బావగారు ఇంకో ఇటుక తీసుకున్నారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అక్క తన వంతు గిన్నెలూ గరిటెలూ సర్దుకుంది. మూకుడు తీసి ఒక్క క్షణం పట్టుకుని, నా చేతిలో పెట్టేసింది. "ఇకనుంచి నీకు సమంగానే వేగుతాయిలే" అంది. అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆ ఏటి పంట ఎప్పటిలాగే ఒకే కుప్పగా వెళ్లిపోయింది. ఆ తర్వాత అన్నీ రెండే. కళ్లం మధ్యన కొత్త ఇటుకలు, వసారాకి అడ్డంగా ఓ తడిక. పై తోట నిలిచింది. జుర్రుళ్ల మాస్టారు నా గింజల కోసం ముందే కబురు పంపుతున్నాడు. మా మూకుడులో గింజలు ఒక్కటీ మాడవు. బావగారు కింది తోటలో చీకటి పడేదాకా పనిచేస్తారు, నేను ఎదురైతే తల ఊపి పక్కకి తప్పుకుంటారు. అక్కా నేనూ మాట్లాడుకుంటాం. అదీ ఎండావానల గురించీ, కోళ్ల గురించీ.

అత్తయ్య ఎవరి పొయ్యి దగ్గరా స్థిరంగా కూర్చోదు. పొద్దున్నే తన గ్లాసు తీసుకుని ముందు తడిక అవతలికి వెళ్తుంది. అక్క పోసిన కాఫీ సగం గ్లాసు పట్టుకుని మెల్లగా ఇటొస్తుంది. నా పొయ్యి ముందు కూర్చుని గ్లాసు చాపుతుంది. నేను పోస్తాను. ఆ చలిలో వేళ్లు కొంకర్లు పోగా ఏరి కోసి, విడిగా ఎండబెట్టి, సమంగా వేయించి కాచిన కాఫీని ఆ నీళ్లలో పోయడమంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఎన్నిసార్లు చెప్పానో. అత్తయ్యా, రుచి పాడవుతుంది, ఏదో ఒకటే తాగండి అని.

మొన్న కూడా అన్నాను. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, రెండు కాఫీలూ బాగా కలిసేలా ఓసారి తిప్పింది.

"విడిగా నాకు గొంతు దిగదే" అంది.